బాణం గుర్తు ఎందుకు తడబడుతుంది?

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల ఏ నెట్ సెంటర్‌లోనైనా కాసేపు గమనించండి. దరఖాస్తు నింపడానికి కూర్చున్న పెద్దాయన మౌస్‌ను బటన్ దగ్గరి దాకా బాగానే తెస్తారు. అసలు తంటా అక్కడే మొదలవుతుంది. బాణం గుర్తు బటన్‌ను దాటిపోతుంది, వెనక్కి లాగితే ఇవతలికి వచ్చేస్తుంది. మండలాల జాబితాలో సారవకోట ఎంచుకోబోతే దాని కిందున్న సరుబుజ్జిలి పడుతుంది. ‘అలవాటు లేదు కదా’ అంటారు పక్కవాళ్లు. పాపం, ఆయనా ఒప్పేసుకుంటారు. నేను మాత్రం ఒప్పుకోను.

చేయి ఒక్క ఊపున గురి దగ్గరికి వెళ్లి, ఆపైన కంటితో చూసుకుంటూ సర్దుకుంటుందని మనస్తత్వవేత్త ఉడ్‌వర్త్ 1899లోనే గుర్తించారు. 1954లో అమెరికా మనస్తత్వవేత్త పాల్ ఫిట్స్ దీనికి లెక్క కట్టారు. దూరాన్ని రెట్టింపు చేసి, గురి వెడల్పుతో భాగించి, 2 ఆధారంగా లాగరిథమ్ తీస్తే ఆ కదలిక ఎంత కష్టమో తెలుస్తుంది. పట్టే సమయం దాన్నిబట్టి పెరుగుతుంది. 16 సెంటీమీటర్ల దూరంలో 4 సెంటీమీటర్ల బటన్ ఉంటే కష్టం 3 బిట్లు (ఈ కష్టాన్ని కొలిచే ప్రమాణం బిట్). ఆ బటన్‌నే అర సెంటీమీటరుకు కుదిస్తే 6. మౌస్‌కూ ఈ సూత్రం సరిపోతుందని జిరాక్స్ కంపెనీ పరిశోధకులు 1978లో తేల్చారు. మెనూలోంచి మెనూలోకి సన్నని దారిలో బాణాన్ని నడిపించడానికి 1997లో మరో సూత్రం వచ్చింది. దారి ఎంత ఇరుకైతే అంత ఆలస్యం.

సూత్రం అందరిదీ ఒకటే అయినా అందులో కష్టాన్ని సమయంగా మార్చే అంకెలు (స్థిరాంకాలు) చేతిని బట్టి, పరికరాన్ని బట్టి మారతాయి. వయసు మీదపడ్డవారికి చివరి సర్దుబాటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. చిన్న బటన్ పెంచేది సరిగ్గా ఆ భాగాన్నే. దరఖాస్తు పేజీ తయారుచేసే, రోజంతా మౌస్ పట్టుకునే కుర్రాడు తన చేత్తో పరీక్షించి ‘బాగానే ఉంది’ అనుకుంటే అతనికి ఇదంతా ఎలా కనిపిస్తుంది? ‘సమర్పించు’ పక్కనే, అదే పరిమాణంలో, ‘చెరిపివేయి’ పెట్టేవారిని చూస్తే మాత్రం నాకు నిజంగా ఒళ్లు మండుతుంది.

ఇలాంటి దరఖాస్తుల పోర్టల్‌ను జనం మీదికి వదిలే ముందు ఆమదాలవలసలోనో నరసన్నపేటలోనో అరవై దాటిన పదిమందితో ఒకసారి నింపించాలి. ఎవరి బాణం ఎక్కడ దాటిపోయిందో, ఎన్నిసార్లు వెనక్కి వచ్చిందో నమోదు చేయాలి. అందుకు కొత్త యంత్రం కొననక్కర్లేదు, బాణం ఏ క్షణంలో ఎక్కడుందో బ్రౌజరే చెబుతుంది.