మూఢుడా, ముగ్ధుడా: పాణినికి ఏదైనా ఒకటే

ఆ మధ్య ఒక ఆదివారం మా బాబాయి ఇంట్లో పంచాయితీ జరిగింది. ఇంటర్ సెకండియర్ చదువుతున్న వాళ్ళబ్బాయి ఫోన్‌లో ఒక పేరు పక్కన మూడు గుండె బొమ్మలు దొరికాయి. సాక్ష్యం బలంగా ఉంది. బాబాయి కళ్ళజోడు సర్దుకుని తీర్పు చెప్పారు. "ఇది లవ్ కాదురా, ఇన్‌ఫాచ్యుయేషన్!"

తెలుగు తండ్రులకు ఈ మాటంటే మహా నమ్మకం. ఒళ్ళు కాలితే వైరల్ ఫీవర్, మీసం మొలిస్తే ఇన్‌ఫాచ్యుయేషన్. వింటే బ్లడ్ టెస్ట్ రిపోర్టులో హిమోగ్లోబిన్ కింద లైనులా ఉంటుంది. వారం పాటు ఫోన్ లాక్కుంటే నార్మల్‌కి వస్తుందని గృహవైద్యం. కుర్రాడు కూడా బుద్ధిగా తలూపాడు. అదే "ఒరే తెలివితక్కువ వెధవా" అని ఉంటే అలిగి అన్నం మానేసేవాడు. నిజానికి బాబాయి అన్నది అక్షరాలా అదే.

లాటిన్‌లో 'ఫాట్యుయస్' అంటే బుద్ధి లేనివాడు. ఒకణ్ణి పట్టుకుని అలా తయారుచేయడం 'ఇన్‌ఫాట్యువారే'. 16వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు ఈ మాటను తమ ఇంటికి తెచ్చుకున్నప్పుడు దీనికి ప్రేమతో పని లేదు. ఉన్న మతి పోగొట్టడం, అంతే. వలపు వాసన తర్వాతెప్పుడో అంటుకుంది. రాత్రిపూట చిత్తడి నేలల మీద కనిపించి, నమ్మి వెంటపడ్డవాణ్ణి బురదలో దింపే వెలుగుకి లాటిన్ పేరు 'ఇగ్నిస్ ఫాట్యుయస్', అంటే వెర్రి మంట. మన ఊళ్ళలో కొరివిదెయ్యం అంటాం. అంటే ఇన్‌ఫాచ్యుయేషనూ కొరివిదెయ్యమూ దాయాదులన్నమాట. ఈ సంగతి మా పిన్నికి చెబితే, ఆ అమ్మాయిని చూడకుండానే దిష్టి తీయించేది.

ఈ విషయంలో ఇంగ్లీషుకి మొదటినుంచీ జాలి తక్కువ. మనసిచ్చినవాణ్ణి 'స్మిటెన్' అంటారు. 'స్మైట్' అంటే చాచి కొట్టడం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో దేవుడు ఈజిప్టువాళ్ళని కొట్టిన దెబ్బలకి వాడిన మాట అదే. ప్రేమలో ఒళ్ళు తెలియనివాణ్ణి 'బిసాటెడ్' అంటారు. దాని లోపల ఉన్న 'సాట్' మొదట మూర్ఖుడు, ఆపైన తాగుబోతు. ఇక క్రష్ సంగతి చెప్పక్కర్లేదు, చెరకు రసం బండి చూసినవాళ్ళకి తెలుసు.

మనవాళ్ళు ఇంతకంటే దయగా ఉన్నారేమోనని వెతకబోయి నేను ఇంకా పెద్ద గోతిలో పడ్డాను. మోహానికి మూలం సంస్కృతంలో 'ముహ్' అనే ధాతువు, అంటే మాటలు పుట్టే వేరు. అర్థం, చిత్తం చెదరడం. 'మోహించినవాడు' అనడానికి దీన్నుంచి రెండు రూపాలొస్తాయి. ఒకటి ముగ్ధుడు, రెండోది మూఢుడు. పాణిని రాసిన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిలో ఎనిమిదో అధ్యాయం, రెండో పాదం, 33వ సూత్రం చూడండి. మొదటి మాటే 'వా', అంటే మీ ఇష్టం. మనం అమ్మాయి నవ్వు చూసి ముగ్ధులమయ్యామని మురిసిపోతాం. అందులో 'గ్ధ' తీసి 'ఢ' పెట్టినా పాణిని మహర్షికి ఏ అభ్యంతరమూ లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. అదే సూత్రంలో ఆయన ముహ్‌తో పాటు మరో మూడు ధాతువుల్ని కూర్చోబెట్టాడు. ద్రుహ్, అంటే ద్రోహం. స్నుహ్, అంటే వాంతి. స్నిహ్, అంటే ప్రీతి. ప్రీతి, మోహం, ద్రోహం, వాంతి! కాలేజీ ప్రేమకథలు మూడు గంటలు సాగదీసి చెప్పేదాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు, కాకపోతే వరస కాస్త తారుమారైంది. వ్యాకరణం పొడిగా ఉంటుందని ఎవరన్నారో గానీ వాళ్ళు ఈ పేజీ దాకా వచ్చి ఉండరు.

పంచాంగం కూడా తండ్రుల పక్షమే. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరై కనబడకుండా పోతే 'మూఢం వచ్చింది' అని పెళ్ళిళ్ళు ఆపేస్తాం. అది 'మౌఢ్యం'. దానిదీ అదే ధాతువు. వెలుగున్నవాడికి మితిమీరి దగ్గరగా పోయి సొంత వెలుగు పోగొట్టుకున్నవాడు మూఢుడు. ఇంటర్ కుర్రాడి గురించి ఇంతకంటే బాగా ఏ కౌన్సెలరూ చెప్పలేడు.

కాబట్టి తండ్రులకు నా సవినయ ప్రతిపాదన. ఇకపై ఇంగ్లీషు మానేసి "నువ్వు ముగ్ధుడివిరా" అనండి. వాడు పొగిడారనుకుంటాడు, మీకు తిట్టిన తృప్తి మిగులుతుంది, పాణిని రెండు వైపులా సంతకం పెడతాడు.

ఇదంతా బాబాయికి వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అదలా ఉంచు, ఇది చూడు" అని సోఫా కింద నుంచి ఒక రంగుల బ్రోచర్ తీశారు. ఊరికి డెబ్బై కిలోమీటర్ల అవతల నూట యాభై గజాలు. పక్కనే రింగు రోడ్డు వస్తుందట, ఎయిర్‌పోర్టు కూడా వస్తుందట. ప్రస్తుతానికి మేకలు వస్తున్నాయి. చెబుతుంటే ఆయన గొంతులో ఒక వణుకు. రిజిస్ట్రేషన్ రోజున హద్దురాయిని కౌగిలించుకుని దిగిన ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు కూడా.

పిన్ని ఫోన్ తీసి ఆ ఫొటో కింద ఉన్న గుండె బొమ్మలు లెక్కపెట్టింది. ఐదు.