వాగ్దానం కార్డు గారూ, మిగతా అధ్యాయం ఎక్కడ?

మహారాజశ్రీ వాగ్దానం కార్డు గారికి, ప్రభువు నామమున వందనాలు.

కొత్త సంవత్సరానికి చర్చిలో ఒక్కొక్కరి చేతికీ ఒక్కో బైబిలు వచనంగా అందే తమరు క్షేమమని తెలుసు. మా పిన్ని బీరువా అద్దం మీద, ఆటో ముందద్దం మీద, ఫోన్ కవర్ల వెనకాల నిగనిగలాడుతూ కనిపిస్తూనే ఉన్నారు. లామినేషన్ చేయించుకున్నవాళ్ళ క్షేమానికి లోటేముంది? నిన్న బుధవారం బైబిల్ స్టడీకి యిర్మీయా 29వ అధ్యాయం సిద్ధం చేసుకుని వెళ్ళాను. మనుషుల కంటే కుర్చీలే ఎక్కువ. అది అలవాటే లెండి. చదవబోతుంటే మా పిన్ని అడ్డుపడింది. "అదెందుకురా మళ్ళీ? ఆ వాక్యం నాకు కార్డులో వచ్చిందిగా!" చుట్టూ ఉన్నవాళ్ళు ఆమేన్ అన్నారు. ఆ తర్వాత టీ ఇచ్చారు. స్టడీ అయిపోయింది.

డిసెంబరు 31 రాత్రి తమరి వైభవమే వేరు. మోకాళ్ళ నొప్పులని బుధవారాలు మానేసేవాళ్ళు కూడా ఆ రాత్రి తోసుకుంటూ వస్తారు. స్టీలు పళ్ళెంలో బోర్లా పడుకుని తమరు అందరి భవిష్యత్తూ పంచుతారు. వచ్చింది నచ్చకపోతే, పాస్టరు గారు కళ్ళు మూసుకున్న సందు చూసి మార్చుకునే ఘనులూ ఉన్నారు. ఫ్లెక్సీ సంగతి ఎత్తను. దాని మీద ఫొటోలు పోగా మిగిలిన జాగాలో వాక్యం సర్దుకుంటుంది. ద్వితీయోపదేశకాండం 28లో తమరి చూపు దీవెనలున్న 14వ వచనం దాకానే ఆనుతుంది. 15 నుంచి 68 దాకా ఉన్న శాపాలు ఏ పళ్ళెంలోనూ పడగా చూడలేదు.

ఇవన్నీ ఓర్చుకుంటాను. యిర్మీయా 29:11 దగ్గర మాత్రం ఓర్చుకోలేను. మీకు నిరీక్షణ కలిగేలా నేను ఉద్దేశించినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అని దేవుడు చెప్పే మాట అది.

ఆ మాట ఉన్నది బబులోనుకి చెరగా పోయిన యూదులకి యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి పంపిన ఉత్తరంలో. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని అందులో ఉంది. పదో వచనంలో గడువు కూడా ఉంది, 70 ఏళ్ళు. మా పిన్నికి ఇప్పటికే అరవై దాటాయి. ఆవిడేమో ఈ డిసెంబరులోపు కొడుక్కి వీసా వస్తుందని కూర్చుంది. లెక్క తమరే సరిచేయాలి.

దాని ముందు అధ్యాయం తీయండి. హనన్యా అని ఒక ప్రవక్త. రెండేళ్ళలో అందరూ తిరిగొచ్చేస్తారని ప్రకటించి, బబులోనుకి లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని జనం ముందే విరిచేశాడు. ఎంత తియ్యటి కబురో! యిర్మీయా కూడా మొదట ఆమేన్ అనే అన్నాడు. ఆ ఏడే, ఏడో నెలలో, హనన్యా చనిపోయాడు. అలాంటి ప్రవక్తల మాట నమ్మి మోసపోకండని రాసిన ఉత్తరంలోంచే ఒక ముక్క కత్తిరించి, హనన్యా ఇచ్చిన రెండేళ్ళని కూడా ఒక్క ఏడాదికి కుదించి పంచుతున్నారు తమరు. హనన్యాకే ఇంత ధైర్యం లేదు.

అసలు నా కడుపు మండేది 13వ వచనం దగ్గర. "మీరు నన్ను వెదకిన యెడల, పూర్ణమనస్సుతో నన్నుగూర్చి విచారణ చేయునెడల మీరు నన్ను కనుగొందురు." కిందికి రెండు వచనాలే! అక్కడ దాకా రావడానికి నీకేం అడ్డొచ్చింది? వెదకమన్న మాట తీసేసి దొరుకుతుందన్న మాట ఒక్కటే చేతిలో పెట్టడానికి నీకెవడిచ్చాడు ఆ కత్తెర? బెరయ పట్టణంవాళ్ళు అపొస్తలుడైన పౌలంతటివాడు చెప్పినా ఊరుకోకుండా, అలా ఉందో లేదో అని రోజూ లేఖనాలు తిప్పి చూశారు. విశాఖపట్నంలో మిషనరీ డెస్ గ్రాంజెస్, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ కలిసి కూర్చుని సువార్తలు తెలుగు చేశారు. 1812లో అవి అచ్చయ్యేనాటికి డెస్ గ్రాంజెస్ పోయి రెండేళ్ళయింది, తన కష్టాన్ని అచ్చులో చూసుకోలేదు. ఇంత చేసి మన చేతికిస్తే 1189 అధ్యాయాలున్నాయి. రోజుకి నాలుగు చదివితే ఏడాది నిండకముందే అయిపోతాయి. మనం ఏడాదికి ఒక్క వచనం చదువుతున్నాం. అదీ అద్దంలో తల దువ్వుకుంటూ!

మా అమ్మ దగ్గర మాత్రం నీకు మంచి ఉద్యోగమే దొరికింది, ఒప్పుకోవాలి. ఏళ్ళ తరబడి వచ్చిన కార్డులన్నీ ఆవిడ బైబిల్లోనే ఉన్నాయి. మధ్యాహ్నం కునుకు పట్టేముందు ఎక్కడిదాకా చదివిందో అక్కడ ఒకటి పెడుతుంది. లేవీయకాండంలో కూడా ఒకటి దొరికింది నాకు. ఆ కార్డు మీద ఏముందని అడిగితే ఆవిడకి గుర్తులేదు, ఆ పేజీలో ఏముందో మాత్రం చెప్పింది.

ఈ డిసెంబరులో మళ్ళీ ప్రెస్సుకి వెళ్తావుగా, ఒక్క మనవి. 11వ వచనం ముందువైపే ఉంచుకో. 13వ వచనం వెనకవైపు వేయించు. అక్కడ ఇప్పుడున్న కానుకల క్యూఆర్ కోడ్ గురించి దిగులు పడకు, అది ఎలాగూ ఫ్లెక్సీ మీద ఉంది.

ఇట్లు,
వచ్చే బుధవారం కూడా అదే అధ్యాయం చెప్పబోయేవాడు