నేమ్‌ప్లేటు చదవని బేరం

బాలానగర్‌లో ఒక పాత షెడ్డు మూసేస్తూ సామానంతా తూకానికి అమ్మేస్తున్నారని తెలిసి, బ్యాంకులో పనిచేసి రిటైరైన మా బాబాయి వెళ్లి పిల్లర్ డ్రిల్లింగ్ మెషిన్, అంటే స్తంభానికి బిగించి ఉండే పెద్ద డ్రిల్లు, కొనుక్కొచ్చాడు. వంటింట్లో అలమార కొట్టుకోవాలట. అలమార కొట్టడానికి చేతి డ్రిల్లు చాలదా అంటే, "ఇనుము చూడరా, ఇప్పుడు ఇట్లాంటిది ఎవడు పోస్తున్నాడు?" అని దాన్ని ఆప్యాయంగా తట్టాడు. బేరం మాత్రం కిలోకు రూపాయి కూడా వదలకుండా ఆడాడట. మోటారు మీద గ్రీజు పట్టిన రేకును తుడిచి చదవడం మాత్రం ట్రాలీ ఆటో నల్లకుంట చేరి, కూలీల డబ్బులు కూడా ఇచ్చేశాక జరిగింది. 1 హెచ్‌పీ, 415 వోల్టులు, 3 ఫేజ్.

ఇంటికొచ్చేది సింగిల్ ఫేజు, 230 వోల్టులు.

"దానికేముందిరా" అన్నాడు బాబాయి. "మోటారుకు మూడు వైర్లు, గోడ మీద సాకెట్‌కు మూడు చిల్లులు. లెక్క సరిపోయింది." ఆ మూడు చిల్లుల్లో ఒకటి న్యూట్రల్, ఒకటి ఎర్త్ అని నేను చెప్పేలోపే ప్లగ్గు పెట్టేశాడు. టప్‌మని ఇల్లంతా కరెంటు పోయింది. లోపల సీరియల్లో కోడలు ఏదో రహస్యం చెప్పబోతూ ఆగిపోయింది. 30 మిల్లీయాంపుల కరెంటు దారి తప్పినా చాలు సరఫరా తెగ్గొట్టే ఈఎల్‌సీబీ బోర్డులో ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇది హాస్యంగా రాసే వీలుండేది కాదు.

మూడు ఫేజులంటే ముగ్గురు ఆడవాళ్లు ఒకే రోట్లో వంతులేసుకుని దంచడం. ఒక రోకలి లేస్తుంటే ఇంకోటి దిగుతుంది. ఆ వరుసే మోటారుకు ఎటు తిరగాలో చెబుతుంది. ఒక్క ఫేజు ఇస్తే ఒంటరి రోకలి పైకీ కిందికీ ఆడుతుందే గానీ ఏ వైపో చెప్పదు. ఈసారి బాబాయి ఎర్త్ వైరు తీసేసి మిగతా రెంటితో స్విచ్ వేస్తే అదే జరిగింది. మోటారు గుర్రుమంది, ఇసుమంత కదల్లేదు. కాసేపటికి వైండింగ్ వార్నిష్ కాలే వాసన మొదలైంది. "ఏమండీ, ఏం మాడుతోంది?" అని లోపలి నుంచి పిన్ని. "పక్కింటి వాళ్లదే!" అన్నాడు బాబాయి, స్విచ్ ఆపుతూ.

సరిగ్గా అప్పుడే జనగామ నుంచి పిన్ని తమ్ముడు దిగాడు. "మా బాయికాడ ఒక ఫేజు పోతే కండెన్సర్ పెట్టి నడిపిస్తం బావా, గింతదానికి పరేషానెందుకు?" అన్నాడు. సలహా మంచిదే. కొలత చెప్పలేదు, అంతే. బాబాయి స్టూలెక్కి హాల్లో ఫ్యాన్ కండెన్సర్ పీకేశాడు. మే నెల, మధ్యాహ్నం. దాని విలువ 2.5 మైక్రోఫారడ్. ఇలాంటి మోటారుకు కిలోవాటుకు సుమారు 70 కావాలి, అంటే 1 హెచ్‌పీకి 50 దాకా. ఇరవై ఇళ్ల ఫ్యాన్లు ఆపితే గానీ కుదరదు. మోటారు మళ్లీ గుర్రుమంది. హాల్లో ఫ్యాన్ ఆగింది. ఆ ఇంట్లో అప్పటికి సాధించింది ఇదే.

బావమరిది దగ్గర ఇంకో ఉపాయం ఉంది. బెల్టు ఊడదీసి, కప్పీకి తాడు చుట్టి, స్విచ్ వేసి లాగాడు. తిరిగింది! ఒకసారి అందుకుంటే సింగిల్ ఫేజు మీద కూడా తిరుగుతూనే ఉంటుంది, అదీ దాని గుణం. కాకపోతే ఎటు లాగితే అటే తిరుగుతుంది. ఆ సంగతి ఇద్దరికీ పట్టలేదు. ఎలాగోలా బెల్టు ఎక్కించి, పీట మీద టేకు పలక పెట్టి, బాబాయి హ్యాండిల్ దించాడు. బిట్టు దిగలేదు. పలక మీద రూపాయి బిళ్లంత నల్లటి వలయం, దాని మధ్య నుంచి సన్నగా పొగ. చిల్లు మాత్రం లేదు. "అసలైన టేకురా, అంత తేలిగ్గా లొంగదు" అని ఒళ్లు బరువంతా హ్యాండిల్ మీద వేశాడు. పొగ పెరిగింది.

చెమట తుడుచుకుంటూ వచ్చిన పిన్ని కాసేపు చూసింది. "పొట్టు రాలట్లేదేంటండీ? అది పచ్చడి సీసా మూత తీసే వైపు తిరుగుతోంది. బిగించే వైపు కదా తిరగాల్సింది?" ఇద్దరు మగవాళ్లూ బిట్టు వంక చూశారు, తర్వాత తాడు వంక చూశారు. ఫ్యాన్ కండెన్సర్ వెనక్కి పెట్టేదాకా అన్నం వడ్డించనని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు మోటారు రాణిగంజ్‌లో వైండింగ్ షాపుకెళ్లింది. షాపాయన మూత విప్పి, ఆరు బోల్టులు చూసి, "స్టార్‌లో ఉంది సార్" అన్నాడు. అంటే లోపలి మూడు తీగ చుట్టల కొసలు ఒకచోట కలిపి ఉన్నాయని. పట్టీలు డెల్టాకు, అంటే మూడు చుట్టలూ త్రికోణంగా కలిసేలా, మార్చాడు. స్టార్‌లో ఒక్కో చుట్ట మీద పడే వోల్టులకు 415ని మూడు వర్గమూలం 1.732తో భాగిస్తే వచ్చేది 240. ఒక్కో చుట్టకు కావాల్సింది అంతే, అది ఇంటి కరెంటే ఇస్తుంది. సరైన కండెన్సర్ తగిలించి, మూడో వంతు బలం పోతుందని ముందే చెప్పి, ఎదురు తిరిగితే కండెన్సర్ వైరు ఒకటి అటు మార్చుకోమన్నాడు. అంతా కలిపి అరగంట పని. మిగతా సమయమంతా బాబాయి డబ్బులు తగ్గించమని అడిగాడు.

ఇప్పుడది తాడు లేకుండానే తిరుగుతోంది, అదీ సరైన వైపే. మొదటి దెబ్బకే బిట్టు టేకు పలకలోంచి వెన్నలో దిగినట్టు దిగి, కింద ఆసరాగా పెట్టిన పిన్ని పూజ పీటలోంచి కూడా బయటికొచ్చింది. అలమార ఇంకా మొదలవలేదు. పీట మాత్రం వంటింటి గోడకు మేకు మీద వేలాడుతోంది, చిల్లు ఎలాగూ ఉంది కదా అని.