కసిమి కుండ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కసిమి కుండ గారి సముఖమునకు,

పదవీ విరమణ సన్మానంలో కప్పిన శాలువా మడత నలగకముందే కలంకారీలోకి దిగిపోయిన బాల్కనీవాసులందరి తరఫునా ఈ విన్నపం. కలంకారీ గీతలకి వాడే నల్లరంగే కసిమి, అది ఊరేది మీ కడుపులోనే. సర్వీసంతా జనం ఫైళ్ళని తొక్కిపెట్టిన చేతులు మావి. ఇప్పుడు మా ఫైలు మీ దగ్గర ఆగింది. చెయ్యి తడుపుదామన్నా మీరు బెల్లం తప్ప ఇంకేదీ పుచ్చుకోరాయె.

ఆ బెల్లమైనా లెక్క ప్రకారమే. 2 లీటర్ల నీళ్ళకి అరకిలో తుప్పు పట్టిన ఇనుము, 100 గ్రాముల బెల్లం. అందులో సగం తాటిబెల్లం ఉండాలి. 15 నుంచి 21 రోజులు నీడన నానాలి. చవగ్గా వచ్చాయని తళతళలాడే మేకులు వేస్తే మీరు ఉలకరు, పలకరు. వాటికి జింకు పూత ఉంటుంది మరి. స్టీలు గరిటెలు వేసినా అంతే, నెల పోయాక కూడా గరిటెలు గరిటెలుగానే తేలతాయి. విరిగిన కొడవలి, పాత గొళ్ళెం, గుర్రపు నాడా లాంటివి పాత సామాన్ల కొట్టు నుంచి తెస్తేనే మీకు సహిస్తుంది. మూత బిగిస్తే గ్యాసు చేరి పొంగుతారు. పల్చటి గుడ్డ కడితే మీ సువాసన పక్క ఫ్లాటు దాకా వెళుతుంది. ఆ సంగతి అపార్ట్‌మెంట్ మీటింగులో మేమే తేల్చుకోవాలి.

ఇంతా చేసి వడకడితే మీరు పలచటి టీ రంగులో ఉంటారు. ఈ మాత్రానికా మూడు వారాలు అని ఏడుపొస్తుంది. మీ అసలు రంగు కరక్కాయ పెట్టిన గుడ్డ మీదే బయటపడుతుంది. చింతబొగ్గుతో వేసుకున్న గీత మీద కలం లాగితే ముందు తడిమరకలా బూడిదగా కనిపిస్తుంది. చెయ్యి జానెడు జరిగేలోపు వెనకనుంచి నలుపు తిరుగుతూ వస్తుంది. మీలోని ఇనుమూ కరక్కాయలోని వగరూ కలిసి ఆడే నాటకం అది. మా కళ్ళద్దాల నంబరుకి కూడా స్పష్టంగా కనపడుతుంది, ఆ ఒక్కందుకు మీకు దండం.

గీత పాకిపోయిందంటూ మీ మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం అబద్ధాలని ఒప్పుకుంటాం. మీటరు గుడ్డకి 50 గ్రాముల కరక్కాయ పొడి, పావు లీటరు పచ్చి గేదెపాలు, అన్నే నీళ్ళు పట్టాలి. దానికి ముందు గుడ్డకున్న గంజి పూర్తిగా వదిలించాలి. పాలలోని వెన్నే గీతకి గట్టు. డాక్టరు చెప్పాడని ఇంట్లో వాడే టోన్డ్ పాలే గుడ్డకీ పడితే గుడ్డకి కొలెస్టరాల్ తగ్గుతుందేమో గానీ, నెమలి కాస్తా కోడిపెట్ట అవుతుంది.

కలంతోనూ పేచీలే. వెదురుపుల్ల మొన చెక్కి, పైన కంబళి ముక్క చుట్టి దారం కడతాం. దారం బిగిస్తే మీరు దిగరు, వదులైతే బొట్లుగా రాలతారు. రాలిన బొట్టుకి నిమ్మరసం అద్దితే రంగు తగ్గుతుంది గానీ, మచ్చ జాడ మిగులుతుంది. అందుకే కొత్తవాళ్ళ బట్టల్లో అనవసరమైన పూలెక్కువ. 2008లో పద్మశ్రీ అందుకున్న శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారి చేతిలో బుద్ధిగా నడిచిన కలమేగా ఇది! మా దగ్గరే ఎందుకీ అల్లరి?

మీరు నిజంగా చేసే నేరం ఒకటుంది. మోతాదు మించి ముదిరితే గుడ్డనే తినేస్తారు. ఇవాళ బొమ్మ నిగనిగలాడుతుంది, కొన్నేళ్ళకి సరిగ్గా నల్లగీతల వెంబడే బట్ట చిరుగుతుంది. కాబట్టి ముందు పీలిక మీద గీసి, ఆరబెట్టి, ఉతికి చూస్తాం. నలుపు మరీ గాఢమైతే నీళ్ళు కలుపుతాం. కోపం తెచ్చుకోవద్దు.

ఇక పక్కవాళ్ళ వ్యవహారంలో తలదూర్చడం మానండి. మంజిష్ఠ వేరుతో ఎరుపు పట్టాల్సిన చోట ముందుగా పూసే పటికనీళ్ళకి వేరే కలం పెట్టుకున్నాం. పొరపాటున మీ కలం అందులో మునిగితే మంజిష్ఠ ఎరుపు గోధుమరంగులోకి దిగజారుతుంది. పటిక పెట్టి ఆరనిచ్చిన గుడ్డని పారే నీళ్ళలోనే జాడించాలంటారు. శ్రీకాళహస్తి వాళ్ళకి స్వర్ణముఖి ఉంది, మాకు గంటసేపు వచ్చే మంజీరా కుళాయి ఉంది. బకెట్లో నానబెట్టామా, ఊడిన పటిక ఖాళీ జాగా అంతా అంటుకుంటుంది. తర్వాత మంజిష్ఠలో ఉడికిస్తే సీతమ్మ చీరతో పాటు అశోకవనం మొత్తం ఎర్రబడుతుంది.

దయచేసి ఈ విన్నపం పరిశీలించి, వానలు పట్టకముందే నలుపు మంజూరు చేయగలరు. గుడ్డలు ఆరక బూజు పడితే ఆ పాపం కూడా మీ ఖాతాలోనే.

ఇట్లు,
గోళ్ళు నల్లబడిన
మాజీ ఉద్యోగులు

తా.క. అడుగు మడ్డి పారబోయలేదు. ఇంకో 50 గ్రాముల బెల్లం, లీటరు నీళ్ళు పోసి మళ్ళీ గుడ్డ కట్టాం. పాత ఇనుమే కదా, ఈసారన్నా కాస్త తొందరగా తేల్చండి.