నిద్రపోతే 20 శాతం: ఆ లెక్క ఎక్కడ తేడా కొట్టిందంటే

"ప్రాక్టీస్ చేసి పడుకోండి, తెల్లారేసరికి మీ స్కిల్ 20 శాతం పెరుగుతుంది." ఈ రీల్ మళ్ళీ తిరుగుతోంది. టైపింగ్ నేర్చుకునేవాళ్ళు, కీబోర్డు వాయించే పిల్లల తల్లిదండ్రులు తెగ షేర్ చేస్తున్నారు. అంకె అబద్ధం కాదు. దాన్ని చదివిన తీరే తప్పు.

2002లో హార్వర్డ్‌లో మాథ్యూ వాకర్, రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం చేసిన ప్రయోగం అది. కుడిచేతివాటం వాళ్ళని కూర్చోబెట్టి, ఎడమచేతి నాలుగు వేళ్ళూ నాలుగు మీటల మీద పెట్టించారు. చిటికెనవేలు 1, చూపుడువేలు 4. కొట్టాల్సిన వరస 4-1-3-2-4. 30 సెకన్లు కొట్టడం, 30 సెకన్లు ఆగడం, ఇలా 12 సార్లు. తప్పు లేకుండా ఎన్ని వరసలు పడ్డాయో లెక్క. పొద్దున 10కి నేర్చుకున్నవాళ్ళు రాత్రి 10కి పెద్దగా మెరుగవలేదు. పగలంతా చేతికి తొడుగు వేసి వేళ్ళు కదలనివ్వకపోయినా అంతే. పడుకుని లేచాక మాత్రం వేగం సుమారు 20 శాతం పెరిగింది, తప్పులు పెరగలేదు. అదే ఏడాది జర్మనీలో యాన్ బోర్న్ బృందానికీ ఇలాంటి ఫలితమే వచ్చింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు 12వ రౌండు దగ్గరికి రండి. 30 సెకన్లు ఏకబిగిన కొడితే చివరి పది సెకన్లలో వేళ్ళు మొరాయిస్తాయి. ఆ అలసట రౌండు రౌండుకీ పేరుకుంటుంది. అంటే నేర్చుకునేటప్పుడు చివరి రౌండ్లలో కనిపించే వేగం మీ అసలు సత్తా కాదు, అలిసిపోయిన సత్తా. దాన్ని పొద్దున తాజాగా ఉన్న చేతి వేగంతో పోలిస్తే తేడా రాక ఏమవుతుంది? పైగా పొద్దున రెండు మూడు రౌండ్ల సగటు తీసుకుంటారు. ఆ రౌండ్లలో కూడా మనిషి నేర్చుకుంటూనే ఉంటాడుగా, అదీ నిద్ర ఖాతాలోకే పోతుంది. 2008లో తిమోతీ రికార్డ్ బృందం పట్టుకున్నది ఈ రెండు లొసుగుల్నే. అవి సరిచేస్తే నిద్ర తెచ్చిన పెరుగుదల దాదాపు కనపడకుండా పోయింది. 2015లో బోర్న్ ల్యాబ్ నుంచే వచ్చిన పేపర్ కూడా, నిద్ర నైపుణ్యాన్ని పెంచడం కన్నా జారిపోకుండా నిలబెడుతుంది అని తేల్చింది. తమ పాత మాటని తామే సవరించుకున్నారు, మెచ్చుకోవాలి. రీల్స్ చేసేవాళ్ళకి మాత్రం 2002 దాటి క్యాలెండర్ లేదు.

అలాగని నిద్రకి పనే లేదని దూకకండి. 2014లో న్యూయార్క్‌లో వెన్-బియావో గాన్ ల్యాబ్ ఎలుకలకి తిరిగే కడ్డీ మీద పరుగు నేర్పి, మెదడులో కదలికల్ని నడిపే మోటార్ కార్టెక్స్‌ని మైక్రోస్కోపుతో చూసింది. నిద్రపోయిన ఎలుకల న్యూరాన్ (మెదడు కణం) కొమ్మల మీద కొత్త ముళ్ళు, అంటే పక్క కణాలతో కలిపే చిన్న మొలకలు, ఎక్కువ మొలిచాయి, నిద్ర చెడగొట్టినవాటిలో తక్కువ. మనుషుల్లో అయితే అందరి చూపూ స్పిండిల్స్ మీదే. స్పిండిల్ అంటే కదురు. నిద్రలో మెదడు విద్యుత్తుని నమోదు చేసే ఈఈజీ గీతలో అర సెకను నుంచి రెండు సెకన్ల దాకా, సెకనుకి 11 నుంచి 16 సార్లు ఊగే అలలు అవి. మధ్యలో లావెక్కి రెండు చివర్లా సన్నబడతాయి, నూలు చుట్టిన కదురులా. పేరు అందుకే. నాన్-రెమ్ (కళ్ళు వేగంగా కదలని నిద్ర) రెండో దశలో ఇవి దండిగా ఉంటాయి. ఆ దశ తెల్లవారుజామున బాగా పడుతుంది, వాకర్ ప్రయోగంలో ఆ దశకీ వేగం పెరగడానికీ సంబంధం గట్టిగా కనిపించింది కూడా రాత్రి చివరి పాదంలోనే. అర్ధరాత్రి దాకా సాధన చేసి నాలుగింటికి అలారం పెట్టుకునేవాళ్ళు కోసేసుకునేది సరిగ్గా ఆ ముక్కనే.

నమ్మకం లేకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఎడమచేత్తో 4-1-3-2-4, 10 సెకన్లు కొట్టి 10 సెకన్లు ఆగుతూ 36 సార్లు. మొత్తం 12 నిమిషాలు. అయ్యాక అరగంట చేతికి విశ్రాంతినిచ్చి ఒక్క రౌండు కొట్టి రాసుకోండి. పొద్దున్న లేవగానే కాదు, నిద్రమత్తు వదిలాక, మళ్ళీ ఒక్కటే రౌండు. ఈ రెండింటినీ పోల్చాలి. చాలామంది అరగంట విశ్రాంతిని ఎగ్గొట్టి నేరుగా 36వ రౌండుతో పోల్చుకుని "అబ్బో" అనుకుంటారు. ఇంకో పొరపాటు, మొదటి వరస అవగానే 2-3-1-4-2 లాంటి రెండో వరస మొదలెట్టడం. 2003లో వాకర్ బృందమే చూపించింది, అలా చేస్తే మర్నాడు మొదటి వరసలో రావలసిన మెరుగు దెబ్బతింటుంది.

పది సెకన్ల పద్ధతి నా సొంతం కాదు. 2019లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో లియొనార్డో కోహెన్ బృందం వాడినది. మొదట్లో వచ్చే మెరుగంతా కొట్టేటప్పుడు కాదు, ఆ పది సెకన్ల విరామాల్లోనే కనిపిస్తోందని వాళ్ళ మాట. దాని మీదా అదే అనుమానం లేచింది: అది నేర్చుకోవడమా, అలుపు తీరడమా? ఆ తగువు ఇంకా తేలలేదు. "పది సెకన్లు ఆగితే చాలు, జీనియస్" అన్న రీల్ మాత్రం ఈపాటికే ఎడిటింగ్‌లో ఉండి ఉంటుంది.