టీకా సిఫారసు గారికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ సిఫారసు గారికి, విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక విశ్రాంత గుమాస్తా నమస్కరించి వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి.

మా ఊళ్ళో మీ పేరుతోనే తిరిగే మీ దాయాది ఒకాయన ఉన్నారు. చందనోత్సవం టికెట్టుకైనా, ఆసుపత్రిలో మంచానికైనా ఆయన ఒక ముక్క కాగితం మీద వస్తే చాలు, మధ్యాహ్నానికల్లా పని జరిగిపోతుంది. ఎందుకు జరిగిందని అడిగిన పాపాన ఎవరూ పోరు. మీ పుట్టుక అలాంటిది కాదు. 2001లో కేంద్ర ప్రభుత్వం ఏర్పరచిన ఎన్‌టాగి అనే జాతీయ సలహా బృందంలో నిపుణులు కూర్చుని, ఏ జబ్బు ఎందరిని పీడిస్తోంది, టీకా ఎంతవరకు కాపాడుతుంది, ఖర్చును ఖజానా మోయగలదా అని తూచి తూచి మిమ్మల్ని కంటారు. ఇన్ని నోములు నోచి కన్న బిడ్డకు సలహా చెప్పే నోరే తప్ప ఆజ్ఞాపించే అధికారం లేదు.

మీ మేలు మరువలేదు. పసిపిల్లల విరేచనాలను అడ్డుకునే రోటావైరస్ టీకా 2016లో మొదట వచ్చిన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. తరువాత మా మనవడి నోట్లో పడిన ఆ ఐదు చుక్కలు మీ చలవే. టీకా కేంద్రం బయటి ఫ్లెక్సీ మీద మాత్రం మీకు చోటు దొరకలేదు.

మీ పేరు మా వీధిలో మారుమోగింది 2021లో. ఆరు నుంచి ఎనిమిది వారాలకు వేసుకోమన్న రెండో కోవిషీల్డ్ డోసును, మే 13న మీ మాట మీదనే పన్నెండు నుంచి పదహారు వారాలకు జరిపారు. తెల్లవారుజామున వరుసలో నిలబడ్డ నాతో, "84 రోజులు నిండాలంట బాబూ, కంప్యూటరు ఒప్పుకోట్లేదు" అన్నది నర్సమ్మ. టీకా సీసాలకు కరువొచ్చిన నెలలోనే శాస్త్రానికి కూడా ఓపిక పెరగడం దైవికమే అనుకున్నాను. బ్రిటన్ అనుభవమే ఆధారమని పెద్దలు సెలవిచ్చారు. జూన్‌లో ముగ్గురు సభ్యులు పన్నెండు వారాలు దాటడానికి తగిన సమాచారం లేదన్నారని పత్రికలు రాశాయి. ఎవరూ అసమ్మతి తెలపలేదని ప్రభుత్వం బదులిచ్చింది. 2022 మార్చిలో మీరే మళ్ళీ వచ్చి ఎనిమిది వారాలకే వేయవచ్చన్నారు. కొత్త ఆధారం దొరికితే మాట మార్చుకోవడం శాస్త్రానికి తప్పు కాదు. సభ్యుల వాదనలు కూడా మీ వెంటే, అదే రోజు బయటకు వచ్చి ఉంటే ఆ మాట నర్సమ్మే నాకు చెప్పి ఉండేది.

సర్కారుకు అక్కరైన నాడు మీరు రాత్రికి రాత్రి ఉత్తర్వు కాగలరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకాను ఆడపిల్లలకు ఇవ్వమని 2022లో వెలువడ్డప్పుడు మాత్రం, 2024 ఫిబ్రవరి బడ్జెట్టు ప్రసంగంలో "ప్రోత్సహిస్తాం" అనే మాట దాకా నడవడానికే మీకు ఏడాదిన్నర పైగా పట్టింది. మీ దాయాది అయితే టిఫిను వేళకే చేరేవారు. అమెరికాలో 2025 జూన్‌లో టీకాలపై ఇటువంటి సలహా సంఘంలోని 17 మందినీ ఒక్కసారే సాగనంపారు. మన దగ్గర అంత శ్రమ దేనికి, బల్ల సొరుగు ఉండగా?

డోసుల గడువు మార్చిన ఆ 2021 మే నెల సమావేశంలో ఎవరేమన్నారో అక్షరం పొల్లుపోకుండా చదవాలని నాకు కోరిక. ఆ కాగితాలు చూడడానికి ఎవరి సిఫారసు తేవాలో దయచేసి తెలుపగలరు.

ఇట్లు,
మీ విధేయుడు