బిడ్డ బరువు తక్కువైతే తల్లినే నిలదీస్తారా?

ఇప్పుడే మా తమ్ముడి కూతురి బారసాల నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. పాప పుట్టినప్పుడు 2.1 కిలోలే. ఉయ్యాల దగ్గర అంతమంది ముందు మా పెద్దమ్మ మరదలిని పట్టుకుని, "కడుపుతో ఉన్నప్పుడు సరిగ్గా తిన్నావా, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నావా?" అనేసింది. ఆ పిల్ల తలెత్తలేదు. పాప టోపీ దారం ముడి విప్పింది, వేసింది, మళ్లీ విప్పింది.

అప్పుడు మా తమ్ముడు వాకిట్లో వేపచెట్టు కింద సిగరెట్ కాలుస్తున్నాడు. వాణ్ని ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. తొమ్మిది నెలలూ ఆ పొగ మరదలూ పీల్చింది. ఇంట్లో వాళ్లు కాల్చే పొగకి కూడా కడుపులో బిడ్డ బరువు తగ్గుతుంది.

మిరప తోటకి మందు కొట్టేటప్పుడు వాడు మూతికి గుడ్డ కూడా కట్టుకోడు. ఆ చొక్కా రెండుసార్లు నానబెట్టినా వాసన వదలదు, నేనే చూశాను. అది ఉతికింది ఎవరు? ఏడో నెల కడుపుతో ఈ పిల్లే. అసలు మగవాడిలో వీర్యకణం తయారవడానికే దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. కడుపు నిలవకముందు ఆ రోజుల్లో వాడు పీల్చిందీ తాగిందీ కూడా లెక్కలోకి వస్తుందని ఎవరైనా వాడికి చెప్పారా?

ఫోలిక్ యాసిడ్ సంగతీ అంతే. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం కడుపు నిలిచిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. అప్పటికి నెల తప్పి రెండు వారాలు. అది సరిగ్గా మూసుకోవడానికే ఆ మాత్ర, కడుపు నిలవడానికి కనీసం నెల ముందు నుంచే వేసుకోవాలి. మన ఇళ్లలో మూడో నెలలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. పెళ్లికి జాతకాలు చూస్తారు, బంగారం తూస్తారు, పిల్లకి రక్తం ఎంతుందో మాత్రం చూడరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత అని తేలింది. అది కడుపుతో ఉన్నప్పుడు తినలేదని వచ్చిందా?

నాకు ఇంత కోపం ఎందుకంటే, తొమ్మిదేళ్ల క్రితం నన్నూ ఇలాగే కూర్చోబెట్టారు. పెళ్లయిన మూడేళ్లకీ పిల్లల్లేరని నాకు స్కానింగులు, రక్త పరీక్షలు, ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే పరీక్ష. ఆ రోజు నొప్పికి బల్ల అంచు పట్టుకుని ఏడ్చాను. మా ఆయన చేయించుకోవాల్సింది ఒక్క డబ్బాలో శాంపిల్ ఇచ్చే పరీక్ష. "మా వాడికేం, వాడు బాగానే ఉన్నాడు" అని మా అత్తగారు మూడేళ్లు సాగదీసింది. చివరికి చేయిస్తే వీర్యకణాల సంఖ్య తక్కువని వచ్చింది. ఆ రిపోర్టు చూసి ఎవరూ నాకు క్షమాపణ చెప్పలేదు. బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇవాళ బయల్దేరేటప్పుడు మరదలు గుమ్మం దాకా వచ్చి, "వదినా, నిజంగా నావల్లేనా?" అని అడిగింది. అక్కడే, అందరి ముందే తమ్ముణ్ని పిలిచాను. రెండో బిడ్డ మాట ఎత్తే ముందు సిగరెట్ మానెయ్, రేపటి నుంచి నీ మందు చొక్కా నువ్వే ఉతుక్కో అన్నాను. పెద్దమ్మ మూతి తిప్పుకుంది. తిప్పుకోనీ.